అండానికి వయసుంది

2019 సెప్టెంబరు 5. గుంటూరులో సిజేరియన్ జరుగుతోంది. ఒకరి వెంట ఒకరుగా ఇద్దరు ఆడపిల్లలు కేరుమన్నారు. తల్లి వయసు డెబ్బై మూడు దాటింది.

ఆ తల్లిదండ్రులది అప్పటి తూర్పుగోదావరి జిల్లా. సంతానం కోసం కుసుమశ్రేష్ఠి రాజదంపతులు పుత్రకామేష్టి చేస్తే వాసవి, విరూపాక్షుడు కవలలుగా పుట్టారని గోదావరికి అవతలున్న పెనుగొండ క్షేత్రకథ. ఈ దంపతులకూ చివరికి కవలలే. కానీ 1962లో పెళ్లయింది మొదలు అర్ధశతాబ్దం పైగా ఎదురుచూపే. ఎందరో డాక్టర్లకు చూపించుకున్నారు. గొడ్రాలన్న మాట పడ్డానని ఆమె తర్వాత విలేకరులకు చెప్పుకున్నారు. తెలిసిన ఒకావిడ యాభై దాటాక ఐవీఎఫ్‌తో తల్లయిందని విన్నాకే గుంటూరు వెళ్లారు.

అప్పటికి ఆమెకు ముట్లుడిగి చాలా ఏళ్లయింది. ఇక సొంత అండం రాదు. ఎందుకంటే ఆడపిల్ల తల్లికడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారైపోతాయి. ఐదో నెలకు అరవై, డెబ్బై లక్షలుండేవి పుట్టేనాటికి పది, ఇరవై లక్షలకు, పెద్దమనిషి అయ్యేనాటికి మూడు, నాలుగు లక్షలకు తగ్గుతాయి. కొత్తవి చేరవు. ఉన్నవి కూడా విభజన మధ్యలో ఆగిపోయి ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. నెలనెలా కొన్ని ఎదిగినా సాధారణంగా ఒక్కటే విడుదలవుతుంది. మొత్తం జీవితంలో అలా బయటికొచ్చేవి నాలుగైదు వందలు. మిగిలినవన్నీ కరిగిపోతాయి.

అందుకే డాక్టర్లు వేరొక స్త్రీ దానమిచ్చిన అండాన్ని, భర్త వీర్యకణాన్ని కలిపారు.

దానమిచ్చే స్త్రీకి పది, పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఒక్కటి ఎదగాల్సిన చోట చాలా అండాలు ఎదుగుతాయి. చివరి ఇంజెక్షన్‌తో, ఏళ్లుగా ఆగిన విభజన తిరిగి మొదలవుతుంది. సుమారు 36 గంటలకు సూదితో అండాలను బయటికి తీస్తారు. అండం చుట్టూ గుడ్డు తెల్లసొన లాంటి జిగురు పొర. అవసరమైనప్పుడు దాన్ని తొలగించి మైక్రోస్కోప్ కింద పెడతారు. మిల్లీమీటరులో పదో వంతు కాస్త మించిన గుండ్రటి కణం. దాని అంచున చిన్న బుడగ కనిపించాలి. సగం క్రోమోజోములను అండం అందులోకి నెట్టేసిందని, పక్వమైందని అదే గుర్తు. బుడగ లేకపోతే ఇంకా పచ్చిదే. పక్వమైన అండం కూడా మళ్లీ ఆగుతుంది. వీర్యకణం లోపలికి వచ్చాకే ఆఖరి విభజన పూర్తిచేస్తుంది.

హార్మోన్లు అందిస్తే ముట్లుడిగిన గర్భసంచి కూడా పిండాన్ని మోయగలదు. అండాన్ని మాత్రం పడుచు చేయలేం. ఏళ్లు గడిచేకొద్దీ క్రోమోజోములను జతగా పట్టి ఉంచే ప్రోటీన్లు సడలుతాయి. వాటి పంపకంలో పొరపాట్లు పెరుగుతాయి.

ఈ వయసులో కాన్పు తల్లికి ప్రమాదమనీ, పిల్లల భవిష్యత్తు ఏమిటనీ అప్పట్లో గట్టిగా చర్చ జరిగింది. ఆ ప్రశ్నలు న్యాయమైనవి. సంతాన చికిత్సలపై 2021లో వచ్చిన చట్టం వాటిని పొందే స్త్రీకి యాభై ఏళ్ల హద్దు పెట్టింది. దాతకు 23 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుండాలి. జీవితంలో ఒక్కసారే, ఏడుకు మించకుండా అండాలు తీయాలి.

పెళ్లయి ఏడాదైనా కడుపు పండకపోతే, భార్యకు ముప్పై అయిదు దాటి ఉంటే ఆరు నెలలకే, భార్యాభర్తలిద్దరూ పరీక్షలకు వెళ్లాలి. లోపం మగవాడిలోనూ ఉండొచ్చు. మొక్కులు మొక్కుకోండి, కాదనను. వాటితోపాటే డాక్టరు దగ్గరకూ వెళ్లండి. ఆడపిల్లను మాటలతో పొడుస్తూ గడిపే ప్రతి ఏడూ ఆమె అండాల ఆయుష్షులోంచే పోతోంది.