రాలిన పుల్ల నుంచి తునికాకు దాకా

1842 అక్టోబరులో జర్మనీలోని కొలోన్ నగరం నుంచి వెలువడే ‘రైనిషె జైటుంగ్’ పత్రికలో పుల్లల దొంగతనం మీద ఒక వ్యాసమాల మొదలైంది. రాసింది 24 ఏళ్ల కార్ల్ మార్క్స్. అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం అక్కడి పేదలకు తరతరాల వాడుక. రైన్ ప్రాంత సభ దాన్ని దొంగతనం కింద జమ కట్టబోయింది. పైగా జరిమానా సొమ్ము అడవి యజమానికే ముట్టాలట! చట్టం ఆసాముల కొలువులో చేరిందని మార్క్స్ మండిపడ్డాడు. తన చూపు ఆర్థిక విషయాల మీదికి మళ్లడానికి మొదటి కారణాల్లో ఈ గొడవ ఒకటని 1859లో తానే రాసుకున్నాడు.

అలాంటి తగవే భద్రాచలం అడవిలోనూ నడిచింది. నిజాం ఏలుబడి నుంచి 1860లో ఇంగ్లీషువారి చేతికొచ్చిన ఈ తాలూకాను 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలో కలిపారు. దాంతో తాలూకాలోని రేఖపల్లి వైపు పోడు మీద పన్ను పెరిగింది, ఆంక్షలు వచ్చాయి. 1879లో కల్లు పన్ను మీద, స్థానిక పాలకుడైన మన్సబుదారు జులుం మీద రంప మన్యంలో రాజుకున్న తిరుగుబాటు కొద్ది నెలలకే రేఖపల్లికి పాకింది. అది అణిగాక 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రైన్ ప్రాంతంలో చట్టం యజమాని పక్షాన నిలిస్తే, ఇక్కడ సర్కారే యజమాని అయి కూర్చుంది.

నేల మీద, అడవి మీద పట్టు పోయినవాళ్లకు అమ్ముకోవడానికి మిగిలేది రెక్కల కష్టమేనని మార్క్స్ తర్వాత ‘పెట్టుబడి’లో వివరించాడు. వేసవి వస్తే ఆ మాట బీడీలు చుట్టే తునికాకును సేకరించే కల్లం దగ్గర కళ్లకు కడుతుంది. తెల్లారకముందే అడవికెళ్లిన కోయ కుటుంబాలు ఆకు తెంపి, ఇంటికొచ్చి, 50 ఆకులు పేర్చి ఒక్కో కట్ట కడతాయి. కల్లం నడిపే కల్లేదారు లెక్క చూస్తాడు. కట్టకింత అని రేటు ముందే ఖరారై ఉంటుంది. 1971 చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వ అదుపులోకి వచ్చింది. ఆకు వేలంలో కాంట్రాక్టర్లకు పోతుంది. అమ్మకంలో మిగిలినదాంట్లోంచి బోనస్ వస్తుంది, నిజమే. కానీ 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును పేరు పెట్టి చెప్పి, దాని మీద అడవి బిడ్డలకు యాజమాన్యమే ఇచ్చింది. సొంతదారుకు దక్కాల్సింది బోనస్ ఒక్కటేనా?

ఇప్పుడు ఆకు తెంపినవాళ్లను దొంగలనేవారు లేరు. ధర చెప్పే మాట మాత్రం ఇంకా వాళ్ల నోట రాలేదు. అది కాని పనేమీ కాదు. పొరుగున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఇదే చట్టం పట్టుకుని ఎన్నో గ్రామసభలు తమ ఆకును తామే వేలం వేసుకుంటున్నాయి.