తూకం తప్పిన శిక్ష

తప్పు చేసినవాడికే శిక్ష పడాలి. ఆ తప్పుకు తగ్గట్టే పడాలి. న్యాయానికి మొదటి మెట్టు ఇదే. 1948లో హైదరాబాద్ సంస్థానంలో ఈ తూకం తప్పింది. చరిత్ర రాసినవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. మేం దాటలేం.

రజాకార్ల దౌర్జన్యాలను మేం దాచం. భైరాన్‌పల్లి నెత్తురు అబద్ధం కాదు. రజాకార్లను ఎదిరించిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌నూ 1948 ఆగస్టులో చంపారు. ఆయనా ముస్లిమే. శిక్ష పడాల్సిందే. ఎవరికి, ఎంత అన్నదే మా ప్రశ్న.

సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. యుద్ధం ఐదు రోజుల్లో ముగిసింది, చావులు ముగియలేదు. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఊళ్లు తిరిగి లెక్క తేల్చారు. ఆ చర్యలోనూ, ఆ తర్వాతా పోయిన ప్రాణాలు 27 వేల నుంచి 40 వేలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తక్కువ కాదు. చంపింది మూకలే కాదు, కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ చేతులు కలిపారని రాశారు.

అదే సమయంలో పైవాళ్లకేమైంది? నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. ఖాసిం రజ్వీకి ట్రిబ్యునల్ దొరికింది, వకీలు దొరికాడు, 1953లో సుప్రీంకోర్టు దాకా దారి దొరికింది. ఏడేళ్ల శిక్ష ముగించుకుని 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. చట్టం ప్రకారం జరగాల్సింది అదే. మరి ఊళ్లో ముస్లింకు ఆ చట్టం ఎందుకు లేదు? చచ్చినవాళ్లలో రజాకార్లూ ఉండొచ్చు. అది తేల్చాల్సింది కోర్టు, తుపాకీ కాదు. ఏలినవాడికి పదవి, ఉసిగొల్పినవాడికి ఏడేళ్లు, పేరు తప్ప నేరం లేనివాడికి చావు!

ఆ నివేదికను దశాబ్దాల పాటు మూసిపెట్టారు. 2013 నాటికి గానీ జనం చదివే వీలు కలగలేదు. అందులో మరో సంగతీ ఉంది. కొన్నిచోట్ల ముస్లిం నేతగాళ్లను కాపాడబోయి హిందూ నేతగాళ్లు ప్రాణాలిచ్చారు. పక్క మగ్గం మీది మనిషి ఏం చేశాడో, ఏం చేయలేదో వాళ్లకు తెలుసు. రాజ్యం ఆ మాత్రం విచారించలేదు.

సెప్టెంబరు 17ను విమోచన అనండి, విలీనం అనండి. ప్రతీకారం మేం అడగడం లేదు. రజాకార్ల పాఠం పక్కనే ఈ లెక్కనూ మన పిల్లలతో చదివించమంటున్నాం.