పిల్లల అద్భుతకథలు - వాడుకభాష

నౌపడ అనగానే ఉప్పుమడులు జ్ఞప్తికి వస్తాయి. పిల్లల కథల చరిత్రలో కూడా ఈ ఊరిని తలచుకోవడానికి కారణం ఉంది. హౌరా - మద్రాసు రైలుమార్గం మీది నౌపడ నుంచి పర్లాకిమిడికి, అక్కడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నడవనారంభించింది. పట్టాల నడుమ ఎడం రెండున్నర అడుగులు, దూరం సుమారు 40 కిలోమీటర్లు. 2004లో దానిని ఆపి, తరువాత బ్రాడ్‌గేజిగా మార్చారు.

ఆ రైలు చేరే పర్లాకిమిడిలోనే గిడుగు వెంకట రామమూర్తిగారు (1863-1940) ఉపాధ్యాయులుగా ఉండేవారు. సవరభాషను శాస్త్రీయంగా పరిశోధించిన ఈ పండితుడు తెలుగు బడులలోని ఒక చిక్కును కనిపెట్టారు. పిల్లలు మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలోని తెలుగు వేరు. విద్యార్థి శ్రమలో సగం మాటకు అర్థం వెదకడానికే సరిపోయేది, విషయం వెనుకబడేది. అందుచేత ఆయన వాడుకభాషకోసం ఉద్యమించారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచినా వెనుదీయక, 1919లో "తెలుగు" అనే మాసపత్రికను నడిపారు.

అద్భుతకథలకు దీనితో సంబంధమేమిటి? 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసులో "చందమామ"ను స్థాపించారు. 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు భౌతికశాస్త్రం చదివినవారు. అందులోనే దాసరి సుబ్రహ్మణ్యంగారు 1954లో "తోకచుక్క" ధారావాహికను ఆరంభించారు. తరువాత "మకరదేవత", "కంచుకోట", "పాతాళదుర్గం" వంటివి వరుసగా వచ్చాయి. మాంత్రికులు, రాక్షసులు, శిథిలమైన కోటలు, చిత్రకారుడు చిత్ర గీసిన బొమ్మలు పిల్లలను ఆకర్షించాయి. నెలనెలా కథ సరిగా ఉత్కంఠ కలిగేచోట ఆగేది. కాని వీటన్నిటికీ ఆధారం భాష. ఆరేడు తరగతుల పిల్లవాడు నిఘంటువు అవసరం లేకుండా, పెద్దల సాయం అడగకుండా తానే చదువుకోగలిగాడు. గిడుగువారు బడికోసం కోరిన సౌలభ్యం ముందుగా కథలో ఫలించిందన్నమాట.

అద్భుతకథ శాస్త్రదృష్టిని చెరుపుతుందని కొందరి భయం. జూల్ వెర్న్ 1865లో వెలువడిన నవలలో మనుషులను ఫిరంగిగుండులో కూర్చోబెట్టి చంద్రునివైపు పంపాడు. నిజానికి ఆ పద్ధతిలో మనిషి బ్రతకడు. భూమిని వదలాలంటే సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగం కావాలి. గొట్టం దాటేలోగా అంత వేగం వస్తే శరీరం నలిగిపోతుంది. కాని వెర్న్‌ను చదివి ఉత్సాహం పొందిన రష్యా ఉపాధ్యాయుడు త్సియోల్కోవ్‌స్కీ, వేగం క్రమంగా పెరగాలని గ్రహించి, 1903లో రాకెట్ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. కథలోని పొరపాటే ప్రశ్నకు దారితీసింది!

"తోకచుక్క" చదివిన పిల్లవాడు, నిజంగా తోకచుక్క అంటే ఏమిటని అడగవచ్చు. అది మంచు, ధూళి కలిసిన ముద్ద అనీ, దాని తోక ఎప్పుడూ సూర్యునికి ఎదురుదిక్కుగా ఉంటుందనీ, 1910లోనూ 1986లోనూ కనిపించిన హేలీ తోకచుక్క 2061లో మళ్ళీ వస్తుందనీ ఉపాధ్యాయుడు చెప్పాలి. అయితే ఆ జవాబు కూడా కథ చెప్పినంత తేట తెలుగులో ఉండాలి. "చందమామ" 2010 దశకం ఆరంభంలో నిలిచిపోయింది. పిల్లల ప్రశ్నలు నిలిచిపోలేదు. మాంత్రికుని కథ సుబోధంగాను, శాస్త్రపాఠం దుర్బోధంగాను ఉన్నంతకాలం పిల్లలు కథవైపే మొగ్గుతారు. ఆ తప్పు కథది కాదు.