గడప ఎవరికి తెరిచారు? : మోబీల్ గ్రీకు సంఘం కథ



వలసపోయినవాళ్ళు కట్టుకున్న సంఘాల గురించి రాస్తున్న ఈ వరుసలో ఈసారి గ్రీకుల వంతు. ప్రజాస్వామ్యం అనే మాటను లోకానికిచ్చిన జాతి. వందేళ్ళ కింద అమెరికా వాళ్ళని ఎలా చూసిందో, దానికి వాళ్ళు ఏం చేశారో చూద్దాం. మనం తేల్చుకోవాల్సిన లెక్క ఒకటి అందులో ఉంది.

1909 ఫిబ్రవరి 21. నెబ్రాస్కా రాష్ట్రంలోని సౌత్ ఒమాహా. మాంసం ఫ్యాక్టరీల్లో, రైలు పట్టాల మీద గ్రీకు కూలీలు పనిచేసేవాళ్ళు. అంతకు రెండు రోజుల ముందు ఒక గ్రీకు మనిషి చేతిలో ఒక పోలీసు చనిపోయాడు. వెయ్యిమందికి పైగా జనం గ్రీకుల పేట మీద పడ్డారు. ఇళ్ళు, దుకాణాలు ధ్వంసం చేశారు, తగలబెట్టారు. గ్రీకులు కట్టుబట్టలతో ఊరొదిలిపోయారు. ఒక్క మనిషిని సాకుగా చూపి వాడ మొత్తాన్ని వేటాడటం ఎలా ఉంటుందో కారంచేడు, చుండూరు చూసిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1915లో జార్జియా రాష్ట్రంలో అట్లాంటా పక్కనున్న స్టోన్ మౌంటెన్ మీద కు క్లక్స్ క్లాన్ మళ్ళీ పుట్టింది. నల్లవాళ్ళు దాని మొదటి శత్రువులు. యూదులు, క్యాథలిక్కులు, దక్షిణ యూరప్ నుంచి వచ్చినవాళ్ళు కూడా దాని జాబితాలో చేరారు. గ్రీకుల హోటళ్ళకు, మిఠాయి దుకాణాలకు వెళ్ళొద్దని బహిష్కరణలు నడిచాయి.

అదే అట్లాంటాలో 1922 జులై 26న 8 మంది గ్రీకులు కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు అమెరికన్ హెలెనిక్ ఎడ్యుకేషనల్ ప్రోగ్రెసివ్ అసోసియేషన్, పొట్టిగా అహెపా. పేరులో 'అమెరికన్' ముందు, 'హెలెనిక్' తర్వాత. సంఘం పనులన్నీ ఇంగ్లీషులోనే జరగాలి. కొత్తవాళ్ళకు ఇంగ్లీషు, పౌరసత్వపు పాఠాలు నేర్పాలి. ఇది నచ్చని గ్రీకులు మరుసటి ఏడాదే మా భాష, మా చర్చి ముందు అంటూ గాపా అనే పోటీ సంఘం పెట్టుకున్నారు. నిలిచి పెరిగింది మాత్రం అహెపానే. ఊరూరా చాప్టర్లు లేచాయి. పిల్లలకు స్కాలర్‌షిప్పులు, వరదలొస్తే విరాళాలు. రెండో ప్రపంచయుద్ధంలో వార్ బాండ్లు అమ్మారు. గ్రీసులోని థెస్సలోనికీలో ఆసుపత్రి కట్టడానికి డబ్బు పంపారు. ఆ ఆసుపత్రి ఇవాళ్టికీ అహెపా పేరుతోనే నడుస్తోంది.

తన్నులు తిన్న జనం ఒకటవడం, చదువుకోవడం, నిలదొక్కుకోవడం గొప్ప సంగతే. అయితే ఆ దారి ఎటు పోతుందన్నది రెండో ప్రశ్న.

అప్పటి అమెరికా చట్టం ప్రకారం వలస వచ్చినవాడికి పౌరసత్వం కావాలంటే తెల్లవాడై ఉండాలి, లేదా ఆఫ్రికా సంతతి అయి ఉండాలి. గ్రీకులను వీధిలో ఎంత అవమానించినా కోర్టు దగ్గర తెల్లవాళ్ళ కిందే లెక్కగట్టేవాళ్ళు. తలుపు ఇరుకుగానైనా తెరిచే ఉంది. అహెపా పట్టుకున్నది ఆ తలుపునే. మేమూ మీలాంటి అమెరికన్లమే అని నిరూపించుకోవడం దాని వ్యూహం.

అదే తలుపు మనవాళ్ళూ తట్టారు. ఎలా తట్టారో మనం మరిచిపోకూడదు. 1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. థింద్ పంజాబీ సిక్కు, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆయన తరఫున కోర్టులో వినిపించిన వాదన ఏమిటో తెలుసా? తాను ఉన్నత కులపు హిందువునని, ఆర్యుణ్ణని. అమెరికాలో తెల్లవాడు నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, ఉన్నత కులపు హిందువు తన దేశంలోని మూలవాసిని అలాగే చూస్తాడని! అంటరానితనాన్ని అర్హత పత్రంలా కోర్టు ముందు పెట్టారు. కోర్టు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. తొక్కేవాడి పక్కన కుర్చీ కోసం, నేనూ తొక్కినవాణ్ణే అని చెప్పుకోవడం ఈ దారిలో ఉన్న గొయ్యి.

గ్రీకులు వెళ్ళగలిగిన చోటికి నల్లవాళ్ళు వెళ్ళలేకపోయారు. 1909లో గ్రీకులను తరిమిన ఒమాహాలోనే 1919లో విల్ బ్రౌన్ అనే నల్లజాతి మనిషిని కోర్టు భవనం నుంచి లాక్కొచ్చి చంపి కాల్చారు. దక్షిణాది రాష్ట్రాల్లో గ్రీకులు నడిపే హోటళ్ళు కూడా జిమ్ క్రో చట్టాల కిందే నడిచాయి. క్లాన్ బహిష్కరించిన హోటల్లో సైతం నల్లవాడికి తెల్లవాడి పక్కన బల్ల లేదు. 1965 మార్చిలో గ్రీకు ఆర్థడాక్స్ ఆర్చిబిషప్ ఇయాకొవోస్ అలబామాలోని సెల్మాకు వెళ్ళి మార్టిన్ లూథర్ కింగ్ పక్కన నిలబడ్డాడు. ఆ ఫొటో లైఫ్ పత్రిక ముఖచిత్రమైంది. సొంత జనంలోనే కొందరు ఆయన్ని తిట్టిపోశారు.

ఇక అదే అలబామాలో మోబీల్ అనే రేవు పట్నానికి వద్దాం. రాతలో మన చేతి ఫోను పేరులాగే ఉంటుంది, పలకడం మోబీల్. అక్కడి అహెపా చాప్టర్ నంబరు 310. అహెపా మగవాళ్ళ సంఘంగా మొదలైంది. ఆడవాళ్ళు 1929లో శాన్ ఫ్రాన్సిస్కోలో డాటర్స్ ఆఫ్ పెనెలోపి అని వేరే సంఘం మొదలుపెట్టారు. దానికీ మోబీల్‌లో ఒక చాప్టర్ ఉంది. 1979లో ఆ చాప్టర్ ఆడవాళ్ళ చొరవతో పెనెలోపి హౌస్ పుట్టింది. మొగుడి దెబ్బలకు ఇల్లొదిలి వచ్చిన ఆడవాళ్ళకు, పిల్లలకు ఆశ్రయం. అలబామా మొత్తంలో అలాంటిది అదే మొదటిది. వచ్చినామె గ్రీకు అయి ఉండాలన్న షరతు లేదు. దెబ్బ తిన్నదై ఉంటే చాలు.

అది జరిగిన రెండేళ్ళకు, 1981 మార్చిలో, అదే ఊళ్ళో 19 ఏళ్ళ మైకేల్ డోనల్డ్‌ను క్లాన్ మనుషులు చంపి చెట్టుకు వేలాడదీశారు. నల్ల కుర్రాడు కావడమే అతని నేరం. అతని తల్లి బ్యూలా మే డోనల్డ్ కోర్టుకెక్కి 1987లో 70 లక్షల డాలర్ల తీర్పు సాధించింది. ఆ క్లాన్ శాఖ దివాలా తీసింది, సొంత భవనం కూడా ఆమెకు అప్పగించాల్సి వచ్చింది. అట్లాంటాలో గ్రీకులను భయపెట్టిన క్లాన్ నడుము విరిచింది ఒక నల్ల తల్లి. ఏ సంఘపు మర్యాద సభలూ ఆ పని చేయలేదు.

మోబీల్‌లో 310వ చాప్టర్ పేరుతో పేద వృద్ధులకు అపార్టుమెంట్లు కూడా ఉన్నాయి. వాటి వెనక ఫెడరల్ ప్రభుత్వపు గృహనిర్మాణ నిధులున్నాయి. ఆ నిధులతో పాటు చట్టమూ వచ్చింది. కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్‌లో సంతకమైన ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం రంగు చూసి ఇల్లు నిరాకరించకూడదు. బాబాసాహెబ్ జీవితమంతా చెప్పింది ఇదే కదా! పెద్దమనసు మీద ఆధారపడ్డ హక్కు హక్కు కాదు. గ్రీకు సంఘం కట్టిన ఇంట్లోకి ఎవరైనా రావచ్చు అన్నది ఆ సంఘం దయ కాదు. నల్లవాళ్ళు నెత్తురోడ్చి తెచ్చిన చట్టం.

ఇప్పుడు మన లెక్క. అమెరికాలో తెలుగు సంఘాలున్నాయి. వైద్య శిబిరాలు పెడతారు, స్కాలర్‌షిప్పులిస్తారు, సొంతూళ్ళో బడికి గదులు కట్టిస్తారు. మంచిదే, వద్దనం. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. ఒమాహా దాడి జరిగిన తేదీ కూడా అదే. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ వీటో చేశాడు. ఈ రెండు సందర్భాల్లో మన సేవా సంఘాల్లో ఎన్ని బాధితుల పక్కన నోరు విప్పాయి? ఊళ్ళో బడికి గది కట్టించినవాడు ఆ ఊరి మాదిగ పిల్లాణ్ణి న్యూజెర్సీలో తన ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చోబెడుతున్నాడా?

ఒక సంఘం ఎన్ని డాలర్లు పంచిందన్నది దాని వార్షిక నివేదికలో దొరుకుతుంది. గడప ఎవరికి తెరిచిందన్నది మాత్రం బయట నిలబడ్డవాణ్ణే అడగాలి. మోబీల్‌లో గ్రీకు ఆడవాళ్ళు 1979లో ఒక గడప తెరిచారు. మనవాళ్ళు తెరవాల్సిన గడపలు ఇంకా మూసే ఉన్నాయి.

జై భీమ్!