తులాభారమును స్ప్రింగు కాటాయును

మ్రొక్కు చెల్లించుటకై బిడ్డను త్రాసునం దొక తట్టలో నుంచి, రెండవ తట్టలో బెల్లము వేసి తూచుట మన దేశమున చిరకాలాచారము. అచ్యుతాపురము పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిది. బెల్లమునకు పేరెన్నికగన్న ఆ సీమలో తులాభార మెవ్వరికిని క్రొత్త గాదు. అయినను అంగన్వాడీలో బిడ్డను స్ప్రింగు కాటాకు వ్రేలాడదీసిన దిష్టి తగులునని జంకు తల్లులు మనలో కలరు. ఆ కాటా చరిత్రము తెలిసినచో ఈ జంకు తీఱును.

17వ శతాబ్దమున ఇంగ్లండునందు రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు చుట్టతీగలకు బరువులు గట్టి పరీక్షించెను. తా నెఱిగిన నియమమును 1676లో అక్షరములు తాఱుమాఱు చేసి ప్రకటించి, 1678లో దాని యర్థమును వెల్లడించెను. బరువు రెట్టింపైన సాగుదలయు రెట్టింపగును; తీగ తన హద్దు దాటనంతవఱకు ఈ నియమము చెల్లును. 18వ శతాబ్దమున ఇంగ్లండులోని సాల్టరు కుటుంబమువారు ఈ సూత్రముపై కాటాలు చేయసాగిరి. బిడ్డలను తూచు వ్రేలాడు కాటాకు వారి పేరే వాడుకయైనది.

త్రాసు రెండు వస్తువులను పోల్చును. ఈ కాటాయో, భూమి బిడ్డను లాగు బలమును తీగ సాగుదలగా జూపును. బిడ్డ కదలినప్పుడు ముల్లు ఇటునటు నూగును. బరువు నిలుకడ స్థానమును దాటి క్రిందికి దిగగా తీగ పైకి లాగును, మరల దాటును, రాపిడిచే ఊపు క్రమముగా నణగును. కట్టిన బరువు నాలుగు రెట్లైనచో ఒక్కొక్క ఊపునకు బట్టు కాలము రెండు రెట్లగును. కావున ముల్లు నిలిచిన పిదపనే అంకె చదువవలెను. ఖాళీ జోలెతో ముల్లు సున్నవద్ద నుండవలెను. వాడుకచే తీగ సడలును గనుక తెలిసిన బరువుతో అప్పుడప్పుడు సరిచూడవలెను.

1975 అక్టోబరు 2వ తేదీన మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి సేవలు ఆరంభమయ్యెను. అంగన్వాడీలలో బిడ్డ తూనికను పటముపై చుక్కగా గుర్తింతురు. నెలనెలకు గీత పైకెక్కుట మేలు. అది చదునైనచో, బిడ్డ చిక్కినట్లు కంటికి గానరాకముందే ఆహారలోపమో రోగమో కలదని యనుమానింపవచ్చును. ఇటీవల వచ్చిన అంకెల కాటాలలోను లోహము భారమునకు కొలదిగా వంగుటయే ఆధారము.

బెల్లముతో తూచిన తగులని దిష్టి తీగతో తూచిన నెట్లు తగులును? తల్లులారా! మగబిడ్డనే గాక ఆడుబిడ్డను గూడ నెలనెల తూపింపుడు. గీత చదునైనచో దిష్టి తీయుటతో తృప్తిపడక, బిడ్డకు చాలినంత యన్నము పెట్టి వైద్యునకు జూపుడు.