వరుస తప్పిన పాటలు

1985 నవంబరులో కొలంబియా కంపెనీ బాబ్ డిలన్ పాటలను ఐదు ఎల్పీల పెట్టెగా అమ్మకానికి పెట్టింది. పేరు 'బయోగ్రాఫ్'. అందులో 53 పాటలు, ఇరవై ఏళ్ళ రికార్డింగులు, తోడుగా ఒక పుస్తకం. అప్పటికి డిలన్‌కు 44 ఏళ్ళు. జానపద గాయకుడిగా మొదలై, ఎలక్ట్రిక్ గిటారు పట్టి ఫోక్ రాక్‌కు దారి తీసి, ఆ తర్వాత కొంతకాలం క్రైస్తవ భక్తి పాటలకే కట్టుబడి, చివరికి ఇతని కాలం దాటిపోయిందేమోనని అభిమానులే గుసగుసలాడే దశకు వచ్చాడు. ఆ జూలైలో లైవ్ ఎయిడ్ కచేరీలో కీత్ రిచర్డ్స్, రాన్ వుడ్‌లను వెంటబెట్టుకుని పాడిన మూడు పాటలు ప్రపంచమంతా చూస్తుండగా తేలిపోయాయి. అలాంటి ఏడాదిలో వచ్చిన పెట్టె, శాలువా కప్పి, దండ వేసి ఇంటికి పంపే సన్మానంలా కనిపించిందంటే తప్పు పట్టలేం. కానీ నలభై ఏళ్ళ దూరం నుంచి చూస్తే దాని పని వేరని తెలుస్తుంది. పాత సరుకు అమ్ముకోవడానికి పుట్టిన ఒక దుకాణపు అలవాటును అది పరిష్కర్త పనిగా మార్చింది. ఆ పని దానికి నేర్పింది రికార్డు కంపెనీలు కావు. ఒక వైపు జానపద గీతాల సంకలనకర్తలు నేర్పారు, ఇంకో వైపు దొంగ రికార్డుల వాళ్ళు నేర్పారు.

ముందు దుకాణం సంగతి. 1948లో ఎల్పీ వచ్చేదాకా రికార్డుకు ఒక పక్క మూడు నాలుగు నిమిషాల పాటే పట్టేది. ఎల్పీలో పక్కకు ఇరవై నిమిషాల చోటు దొరికింది. చోటు దొరికాక దాన్ని నింపాలి. 1958లో కొలంబియా గాయకుడు జానీ మాథిస్ సింగిల్స్‌ను ఒకచోట చేర్చి 'జానీస్ గ్రేటెస్ట్ హిట్స్' అని వేసింది. కొత్తగా ఒక్క పాటకూ పెద్ద ఖర్చు లేదు, అయినా ఆ రికార్డు తొమ్మిదేళ్ళకు పైగా అమ్మకాల జాబితాలో నిలిచింది. ఇక ఏ కంపెనీ ఊరుకుంటుంది? డిలన్ విషయంలోనూ అదే జరిగింది. 1966 జూలైలో మోటారు సైకిలు ప్రమాదం తర్వాత అతను జనానికి కనిపించడం మానేశాడు, కొత్త పాటలు రాలేదు. 1967 మార్చిలో కంపెనీ పది పాటలతో 'గ్రేటెస్ట్ హిట్స్' వేసి, లోపల మిల్టన్ గ్లేజర్ గీసిన రంగురంగుల జుట్టు పోస్టరు పెట్టింది. అమెరికాలోనే దాని అమ్మకాలు 50 లక్షలు దాటాయి. ఇలాంటి సంకలనానికి ఉన్న కొలమానం ఒక్కటే: ఏది ఎక్కువ అమ్ముడైందో అదే మంచిది. విన్న పాటనే మళ్ళీ వినిపిస్తుంది, వినని పాట ఊసెత్తదు.

అయితే డిలన్ అసలు చదువుకున్నదే సంకలనాల బడిలో. 1952లో ఫోక్‌వేస్ అనే చిన్న కంపెనీ 'అమెరికన్ జానపద సంగీత సంకలనం' పేరుతో ఆరు ఎల్పీలు తెచ్చింది. కూర్చినవాడు హ్యారీ స్మిత్, అప్పటికి ముప్పై నిండని వాడు. 1920ల చివర, 1930ల మొదట్లో వ్యాపారం కోసమే అచ్చయి, ఆర్థిక మాంద్యంలో మరుగున పడిపోయిన 84 పాటలను అతను తన సొంత నిల్వల్లోంచి ఎంచాడు. వాటిని కాలక్రమంలో పెట్టలేదు. ఎవరు నల్లవారో ఎవరు తెల్లవారో చెప్పలేదు. కథాగేయాలు, సామాజిక సంగీతం, పాటలు అని మూడు భాగాలు చేసి, ఒక పాట పక్కన ఇంకో పాట ఎందుకుండాలో చెవితో తేల్చుకున్నాడు. న్యూయార్క్ గ్రినిచ్ విలేజ్‌లో పదేళ్ళ తర్వాత గిటారు పట్టిన కుర్రాళ్ళకు ఆ పెట్టె దాదాపు పాఠ్యపుస్తకం. 1962లో వచ్చిన డిలన్ తొలి రికార్డులో 13 పాటలుంటే సొంతవి రెండే. మిగతావి ఆ సంప్రదాయపు సొత్తు. వాటిలో బ్లైండ్ లెమన్ జెఫర్సన్ పాడిన సమాధి పాట స్మిత్ సంకలనంలోనూ ఉంది. రెండో పాఠం 1961లో దొరికింది. 1938లో 27 ఏళ్ళకే చనిపోయిన బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పాటలను కొలంబియా తొలిసారి ఎల్పీగా కూర్చింది. డిలన్‌ను కంపెనీలోకి తీసుకున్న జాన్ హామండ్ ఆ రికార్డును విడుదలకు ముందే అతని చేతిలో పెట్టాడు. దాని ప్రభావం గురించి డిలన్ తన ఆత్మకథలో పేజీల కొద్దీ రాసుకున్నాడు. మరిచిపోయిన పాటను బతికించి, కొత్త పొరుగును ఇచ్చి, దాని అర్థాన్నే మార్చగల శక్తి సంకలనానికి ఉందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. ఇంకో ముచ్చట కూడా చెప్పాలి: స్మిత్ పెట్టెలోని పాటలకు ఫోక్‌వేస్ ఆ రోజుల్లో అసలు హక్కుదారుల నుంచి సరైన అనుమతులు తీసుకోలేదు. అవి 1997లో పెట్టెను మళ్ళీ వేసినప్పుడు గానీ కుదరలేదు. ఒక తరాన్ని తయారుచేసిన పవిత్ర గ్రంథం, చట్టం దృష్టిలో, అనుమతి లేని సరుకే.

డిలన్ దాకా వచ్చేసరికి ఈ అనుమతి లేని పని ఇంకో రూపం ఎత్తింది. 1967లో అతను వుడ్‌స్టాక్ పరిసరాల్లో, తర్వాత 'ది బ్యాండ్' అని పేరు పడ్డ మిత్రులతో కలిసి, ఇంటి నేలమాళిగలో వందకు పైగా పాటలు టేపు మీద పాడాడు. వాటిలో 14 పాటల నకళ్ళు, పాడదలిచే ఇతర గాయకుల కోసం ప్రచురణకర్తల ద్వారా తిరిగాయి. 1969లో లాస్ ఏంజిలిస్ దుకాణాల్లో తెల్లటి అట్టలో, గాయకుడి పేరు కూడా లేకుండా రెండు ఎల్పీల రికార్డు ఒకటి ప్రత్యక్షమైంది. దాన్ని 'గ్రేట్ వైట్ వండర్' అన్నారు. నేలమాళిగ పాటలు కొన్ని, 1961లో మినియాపొలిస్‌లో పాడిన టేపు కొంత, స్టూడియోలో పక్కన పెట్టినవి కొన్ని. రాక్ సంగీతంలో పేరుమోసిన తొలి దొంగ రికార్డు, అంటే 'బూట్‌లెగ్', ఇదే. అప్పట్లో అమెరికా ఫెడరల్ కాపీరైటు చట్టం పాటను రక్షించేది కానీ రికార్డింగును రక్షించేది కాదు. ఆ రక్షణ 1972 ఫిబ్రవరిలో గానీ రాలేదు. దొంగలను సమర్థించాలని కాదు గానీ, ఒక సంగతి ఒప్పుకోవాలి: డిలన్ వద్దనుకున్న పాటలకు విలువ కట్టే పని మొదట చేసింది వాళ్ళే. కంపెనీకి ఆ తూకం తెలియదు అనడానికి 1973 సాక్ష్యం. డిలన్ వేరే కంపెనీకి వెళ్ళగానే కొలంబియా అతను పక్కన పెట్టిన టేకులను ఏరి, అతని ప్రమేయం లేకుండా 'డిలన్' పేరుతో వేసింది. ఎక్కువ భాగం ఇతరుల పాటలే, అదీ నిర్లక్ష్యంగా పాడినవి. విమర్శకులు చీల్చిచెండాడారు. పక్కన పెట్టిన ప్రతి పాటా నిధి కాదు. ఎంచే మనిషి లేకపోతే అది చెత్తబుట్టే.

'బయోగ్రాఫ్' చేసిన పని ఈ నేపథ్యంలో చూడాలి. డిలన్ ప్రచురణ వ్యవహారాలు చూసే జెఫ్ రోసెన్ దీన్ని కూర్చాడు. 53లో దాదాపు మూడో వంతు అంతకుముందు అధికారికంగా బయటికి రాని రికార్డింగులు. పుస్తకంలో పాత్రికేయుడు కామెరాన్ క్రో రాసిన వ్యాసం, పాట పాటకూ డిలన్ చెప్పిన మాటలు. అమ్ముడైన పాటా, మూలన పడ్డ పాటా ఒకే పంక్తిలో కూర్చున్నాయి. 'పర్సీస్ సాంగ్' సంగతి చూడండి. కారు ప్రమాదంలో నలుగురి చావుకు కారకుడైన మిత్రుడికి 99 ఏళ్ళ శిక్ష పడితే, ఒకడు న్యాయమూర్తి కార్యాలయ గదికి వెళ్ళి మొరపెట్టుకుంటాడు. ఎనిమిది నిమిషాలకు దగ్గరగా సాగే ఆ పాటను డిలన్ 1963లో రికార్డు చేసి వదిలేశాడు. బాణీ పాత బ్రిటిష్ కథాగేయానిది, పల్లవి తరహా వరసతో సహా. దాన్ని పాల్ క్లేటన్ అనే గాయకుడి దగ్గర అందుకున్నాడు. 1969లో ఇంగ్లండ్‌కు చెందిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం పాడితేనే చాలామంది విన్నారు. 'లే డౌన్ యువర్ వియరీ ట్యూన్'ను 1965లో ది బర్డ్స్ పాడారు. 'ఐల్ కీప్ ఇట్ విత్ మైన్' జూడీ కాలిన్స్, నికో, ఫెయిర్‌పోర్ట్ గొంతుల్లో తిరిగింది. 'క్విన్ ది ఎస్కిమో' 1968లో మాన్‌ఫ్రెడ్ మాన్ పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. రాసినవాడి స్టూడియో గొంతు ఏ అధికారిక రికార్డులోనూ లేకుండానే ఈ పాటలు పదిహేను, ఇరవై ఏళ్ళు నోటి నుంచి నోటికి ప్రయాణించాయి. జానపద గీతం బతికే పద్ధతి సరిగ్గా ఇదే. ఫోక్ రాక్ అంటే జానపదానికి కరెంటు తగిలించడం అనుకునేవారికి ఈ పెట్టె సమాధానం చెబుతుంది: వాద్యాలు మారినా పాట చేతులు మారే తీరు మారలేదు.

పెట్టెలో అన్నిటికంటే వాదనకు తావిచ్చింది దాని వరుస. అది కాలక్రమాన్ని గాలికి వదిలేసింది. 1969 నాటి ప్రేమపాటతో మొదలై, వెంటనే 1961కి దూకి, అక్కడి నుంచి 1970కి వస్తుంది. 1966 కచేరీలో పాడిన 'విజన్స్ ఆఫ్ జొహానా' పక్కన 1981 నాటి భక్తిగీతం 'ఎవ్రీ గ్రెయిన్ ఆఫ్ శాండ్', దాని పక్కనే 1967 నేలమాళిగ అల్లరి. చరిత్ర తెలుసుకోవాలనుకునే శ్రోతకు ఇది ద్రోహం కాదా అని అడగవచ్చు. గాయకుడు ఎలా ఎదిగాడో తెలియాలంటే ఏడు తర్వాత ఏడు రావాలి కదా! న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ రోజుల్లో డిలన్ గురించి చలామణీలో ఉన్న కాలక్రమం నిజానికి ఒక కట్టుకథ. నిరసన గాయకుడు, 1965 జూలైలో న్యూపోర్ట్ ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటారుతో జానపదానికి వెన్నుపోటు పొడిచినవాడు, తర్వాత గృహస్థు, తర్వాత మతం మారినవాడు అని గదులు కట్టి ఒక్కో పాటను ఒక్కో గదిలో తాళం వేశారు. ఈ పెట్టెలో 'మిక్స్‌డ్ అప్ కన్ఫ్యూజన్' ఉంది. అది బ్యాండుతో 1962లోనే రికార్డయి, డిసెంబరులో సింగిల్‌గా వచ్చి, కొద్దిరోజుల్లోనే దుకాణాల నుంచి మాయమైన పాట. న్యూపోర్ట్‌కు రెండున్నరేళ్ళ ముందే అతను రాక్ పాడాడన్న మాట. భక్తిగీతాలకూ అలాంటి న్యాయమే జరిగింది. 1979 నుంచి 1981 దాకా వచ్చిన మూడు క్రైస్తవ ఆల్బంలను చాలామంది పాత అభిమానులు పక్కకు నెట్టేశారు. వాటిలోని పాటలను వేరే భాగంగా విడదీయకుండా ప్రేమపాటల మధ్య, కోపపు పాటల మధ్య కూర్చోబెట్టేసరికి, వాటి పదజాలం తొలిరోజుల పాటల్లోనూ ఉందని చెవికి తెలిసింది. తేదీలన్నీ పుస్తకంలో ఉన్నాయి. కావలసినవారు సరిచూసుకోవచ్చు. చరిత్రను దాచడం వేరు, పాతబడ్డ చరిత్రను ప్రశ్నించడం వేరు. హ్యారీ స్మిత్ చేసిందీ రెండోదే.

ఇదంతా వ్యాపారమే అనేవారి మాటలో నిజం లేకపోలేదు. సీడీలు అప్పుడప్పుడే దుకాణాల్లోకి వస్తున్నాయి, 'బయోగ్రాఫ్' మూడు సీడీలుగానూ వచ్చింది, పాత శ్రోత చేత మళ్ళీ కొనిపించడం కంపెనీకి లాభం. బిల్‌బోర్డ్ జాబితాలో 33వ స్థానం దాకా వెళ్ళింది, ఇంత ఖరీదైన పెట్టెకు అది చిన్న సంగతి కాదు. ఇలాంటి పెట్టెల్లో ఇదే మొదటిది కాదు కూడా. నీల్ యంగ్ 1977లోనే మూడు ఎల్పీల 'డికేడ్'ను స్వయంగా ఎంచి, ప్రతి పాటకూ తన చేతిరాతతో వ్యాఖ్య రాశాడు. ఎల్విస్ ప్రెస్లీ మరణానంతరం 1980లో ఎనిమిది ఎల్పీల పెట్టె వచ్చింది. నా దృష్టిలో 'డికేడ్' ఎంపికలో ఇంతకంటే చిక్కగా ఉంటుంది. కానీ అది బతికున్న గాయకుడు తన పదేళ్ళను తాను చెప్పుకున్న కథ, ఎల్విస్‌ది చనిపోయినవాడికి కట్టిన స్మారకం. బతికున్న గాయకుడి పాటలకు, మహాకవి రచనలకు చేసినట్టు, పాఠాంతరాలతో సహా పరిష్కరణ చేయవచ్చని చూపింది 'బయోగ్రాఫ్'. అదే ఏడాది అతని పాటలు 'లిరిక్స్ 1962–1985' పేరుతో పుస్తకంగానూ రావడం ఆ ధోరణికి సరిపోయేదే.

డిలన్ మాత్రం ఈ పెట్టె పట్ల పెద్దగా ఉత్సాహం చూపలేదు. అతను వద్దనుకున్న పాటలను బయటపెట్టే హక్కు ఎవరికుంది అన్న అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. సగం జవాబు మాత్రం అతని రికార్డులే ఇస్తాయి: ఏ పాట ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవడంలో ఇంత పొరపాటు పడిన గొప్ప గాయకుడు అరుదు. పరిష్కర్తలు కూడా అన్నీ పట్టుకోలేదు. యాభై సెకన్లు నిండని 'జెట్ పైలట్' అనే తునకకు పెట్టెలో చోటిచ్చి, 1983లో పాడి పక్కన పెట్టిన 'బ్లైండ్ విల్లీ మెక్‌టెల్'ను, గడువు 1981తో ముగించుకోవడం వల్ల, బయట వదిలేశారు. అది 1991లో 58 పాటలతో వచ్చిన 'బూట్‌లెగ్ సిరీస్' తొలి మూడు సంపుటాల్లో గానీ రాలేదు. దొంగలు వాడిన పేరునే కంపెనీ తన సొంత వరుసకు పెట్టుకోవడంలో ఉన్న కొంటెతనం వేరే చెప్పాలా! అంతకు ఏడాది ముందు, 1990లో, రాబర్ట్ జాన్సన్ రికార్డింగులన్నీ అదే కంపెనీ నుంచి పెట్టెగా వచ్చి, ఎవరూ ఊహించనంతగా అమ్ముడయ్యాయి. 2014లో నేలమాళిగ టేపులు ఆరు సీడీలుగా దాదాపు సంపూర్ణంగా బయటికొచ్చాయి. అన్నిచోట్లా శ్రద్ధే పనిచేసిందనలేం. 2012లో యూరప్‌లో కాపీరైటు గడువు దాటిపోకుండా, పాత టేపులతో సుమారు వంద ప్రతులు మాత్రమే వేసి 'విడుదల' అనిపించారు. అది కేవలం చట్టం కోసం చేసిన తంతు.

2007లో కొలంబియా 51 పాటలతో, మూడు సీడీలతో, 'డిలన్' పేరుతోనే మరో సంకలనం వేసింది. అన్నీ అంతకుముందు వచ్చిన పాటలే, ఏడు తర్వాత ఏడుగా చక్కగా పేర్చారు. ఫోన్లో ఎవరైనా అరగంటలో తయారుచేసుకోగల జాబితా అది, ఇవాళ దాని ఊసెత్తేవారు తక్కువ. డిలన్‌ను కొత్తగా వినాలనుకునే తెలుగు పాఠకులు దాన్ని దాటేసి 1985 పెట్టెను వెతుక్కోండి. స్ట్రీమింగులో దొరికితే షఫుల్ మీట నొక్కకుండా, పాటల వరుస మార్చకుండా వినండి.