నేరకారణ సిద్ధాంతములు: నూజివీటి తోటల నుండి స్టూవర్టుపురము వరకు ఒక పరిశీలన

విషయ ప్రవేశము

మనుష్యుడు నేరమేల చేయునను ప్రశ్నకు ఒక్కొక్క యుగము చెప్పుకొన్న సమాధానమే ఆ యుగమునందలి శిక్షాపద్ధతిని నిర్ణయించుచు వచ్చినందున, నేరకారణ విచారము పండితగోష్ఠులకు మాత్రమే సంబంధించినది కాదు. నేరము రక్తములో నున్నదని నమ్మిన ప్రభుత్వము మనుష్యులను పుట్టుకనుబట్టి నిర్బంధించును. లేమిలో నున్నదని నమ్మిన ప్రభుత్వము భూమిని, పనిని చూపును. అవకాశములో నున్నదని నమ్మినది కావలిని పెంచును. ఈ సిద్ధాంతములలో అత్యంత దుర్బలమైన వంశ సిద్ధాంతమే తెలుగునాట దీర్ఘకాలము శాసనరూపమున చెల్లుబాటైనదనియు, దానికి లోనైనవారి చరిత్రయే దానిని ఖండించుచున్నదనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. అందుకు నూజివీటి మామిడి తోటలను, బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురమును నిదర్శనములుగా గ్రహించుచున్నాను.

తోటయు, కావలియు

2022లో కృష్ణాజిల్లా నుండి ఏలూరు జిల్లాకు చేరిన నూజివీడును, దాని చుట్టునున్న ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలములను బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరు కాయల తోటలు ఆవరించియున్నవి. తోటకు స్వామియైన రైతు తరచుగా తన కాపును గుత్తకిచ్చును; గుత్తదారు పూత మీదనో పిందె మీదనో ధర కట్టి పెట్టుబడి పెట్టును; గాలివాన వచ్చినను, కాయ దొంగిలింపబడినను నష్టము ప్రాయికముగా వానిదే. కావున పిందె నిలిచిన నాటినుండి కావలివాడు చెట్లక్రింద పాక వేసికొని, పగలు కోతులను, పక్షులను తోలుచు, రాత్రి టార్చిలైటు వేసి వరుస వరుసను చూచుచు, కడపటి కాయ చిక్కములో పడువరకు అచ్చటనే కాపురముండును. కోత ముగిసిన పిమ్మట ఆ పాక ఖాళీయగును. ఆషాఢమాసమున ఆ తోటకు కావలి అక్కరలేదు.

1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అను అమెరికా సామాజిక శాస్త్రజ్ఞులు నేరమునకు మూడు అంగములు కావలెనని ప్రతిపాదించిరి: నేరమునకు సిద్ధపడిన వ్యక్తి, అందుబాటులో నున్న వస్తువు, సమర్థమైన కావలి లేకుండుట. వారు నాగరిక జీవనపు దినచర్యను పరిశీలించి చెప్పిన ఈ మాటను మన తోటల గుత్తదారు ఏనాటినుండియో ఆచరణలో పెట్టియున్నాడు. చుట్టుపట్ల గ్రామములలోని జనుల స్వభావము మాఘమున ఒకటి, వైశాఖమున మరియొకటి కాదు. చెట్టుమీది కాయ విలువ మాత్రమే మారినది. దొంగతనపు భయము ఋతువునుబట్టి పెరిగి తరుగుచున్నదన్నచో, నేరమునకు ఒక కారణము మనుష్యుని వెలుపల నున్నదని అంగీకరింపవలసియే యున్నది.

అయినను అవకాశము సర్వమును వివరింపజాలదు. కావలి లేని చెట్టు ప్రక్కనుండి నడచిపోవువారిలో అత్యధికులు కాయను ముట్టరు. 1969లో ట్రావిస్ హిర్షీ ప్రశ్ననే త్రిప్పి, జనులు నేరమేల చేయకున్నారని అడిగి, కుటుంబము, పాఠశాల, వృత్తి, విశ్వాసము అను బంధములే వారిని నిలుపుచున్నవని సమాధానము చెప్పెను. ఈ బంధములనే తెంచిన ప్రభుత్వ చర్యను ఇక పరిశీలింతము.

వంశ సిద్ధాంతము శాసనమగుట

ఇటలీ దేశపు వైద్యుడు చెజారే లోంబ్రోసో 1876లో ప్రకటించిన గ్రంథమున, నేరస్థుడు పుట్టుకతోడనే వేరగు జాతి మనుష్యుడనియు, కపాల ముఖ లక్షణములనుబట్టి వానిని గుర్తింపవచ్చుననియు వాదించెను. మన దేశమున ఆ గ్రంథమునకు ఐదేండ్లు ముందే, 1871లో, నేరస్థ జాతుల చట్టము పుట్టినది. వడ్రంగము, నేతపని తండ్రినుండి కొడుకునకు సంక్రమించునట్లే చౌర్యమును కులవృత్తిగా సంక్రమించునను వాదము దానికి మూలము. 1911లో ఈ చట్టము మద్రాసు రాజధానికి విస్తరించినది. మద్రాసు మ్యూజియము అధ్యక్షుడు ఎడ్గార్ థర్‌స్టన్ కులములవారి శిరస్సులను, నాసికలను కొలిచి, 1909లో ఏడు సంపుటములుగా కులవిజ్ఞానమును ప్రచురించియుండెను. అట్టి కొలతల విద్యను పోలీసు ఉద్యోగులకు కూడ బోధించెను.

చట్టము క్రింద ప్రకటితమైన జాతిలో నమోదైనవాడు వ్రేలిముద్రలు ఇయ్యవలెను. నియమిత సమయములకు హాజరు చెప్పుకొనవలెను. నివాసము మారినచో తెలుపవలెను. వారి పిల్లలను తలిదండ్రులనుండి వేరుచేసి ప్రత్యేక పాఠశాలలలో నుంచుటకు సైతము 1911 చట్టము అధికారమిచ్చెను. ఇట్లు ప్రకటితులైన ఎరుకలవారి కొరకు 1913 ప్రాంతమున, మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేర, బాపట్ల చేరువ స్టూవర్టుపురమను నిర్బంధ నివాసము ఏర్పడి, సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవసంస్థ నిర్వహణకు అప్పగింపబడెను. ఆ సంస్థ నాయకుడు బూత్ టక్కర్ నేరమును చికిత్సకు లొంగు వ్యాధిగా భావించి, ఆ చికిత్సకు ‘క్రిమినోక్యూరాలజీ’ అను శాస్త్రనామమునే కల్పించెను. ఆ నివాసులలో పలువురు చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కర్మాగారమునకు కూలీలైరి.

సరిగా 1913లోనే ఇంగ్లండునందు చార్లెస్ గోరింగ్ సుమారు మూడువేలమంది ఖైదీలను కొలిచి, నేరస్థ దేహమను ప్రత్యేక దేహమేదియు లేదని ప్రకటించెను. శాస్త్రము విడిచిపెట్టిన నమ్మకమును శాసనము మరి నాలుగు దశాబ్దములు పట్టుకొనియుండెను.

జీవనోపాధి, ముద్ర

ఎరుకలవారి పూర్వవృత్తి ఏమి? కోస్తా ఉప్పును గాడిదలమీద, ఎద్దులమీద లోపలి గ్రామములకు చేర్చి ధాన్యమునకు మార్చుకొనుట, వెదురుతోను ఈతతోను బుట్టలు, తట్టలు, గంపలు అల్లుట, సోది చెప్పుట. వీరి చరిత్రను వ్రాసిన మీనా రాధాకృష్ణ చూపినట్లు, ప్రభుత్వ ఉప్పువిధానమును రైలుమార్గములును వారి వర్తకమును హరించినవి. 1882 మద్రాసు అటవీచట్టము వెదురుకు అడవికి పోవుటనే నేరముగా మార్చెను. 1876-78 మహాక్షామము పశువులను నశింపజేసెను. మద్రాసు రాజధాని దోపిడీలను పరిశీలించిన చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ సైతము కరవు కాలములలో దోపిడీలు పెచ్చుపెరిగినట్లు నిరూపించెను. సమాజము ఆశింపజేయు లక్ష్యములకును, అది అందించు మార్గములకును నడుమ అగాధమేర్పడినప్పుడు నేరము పుట్టునని 1938లో రాబర్ట్ మెర్టన్ చెప్పినది ఇచ్చట అక్షరాల అన్వయించును. దారిలో ఉప్పుబస్తాతో నడచు మనుష్యుని జీవనమార్గమును మూసివేసి, అనంతరము వానిని తిరుగుబోతు దొంగయని నమోదుచేసిరి.

దీనికి తోడు ముద్ర యొక్క శక్తి కలదు. ఫ్రాంక్ టానెన్‌బామ్ 1938లోను, హోవర్డ్ బెకర్ 1963లోను ప్రతిపాదించినట్లు, నేరస్థుడని పిలువబడినవానికి మంచి మార్గములన్నియు మూతపడి, ఆ పిలుపే వాని జీవితమగును. ఎక్కడ దొంగతనము జరిగినను మొదట విచారింపబడు పేటలో పెరిగిన బాలునకు నిర్దోషిగా నుండుటవలన లాభమేమి? మద్రాసులో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31 నాటికిని చట్టము రద్దయినను, ముద్ర చెరగలేదు. 1991లో స్టూవర్టుపురము పేరనే చలనచిత్రములు వెలువడినవి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ మరల ఆ కథనే తెరకెక్కించినది. ఒక గ్రామనామమే దొంగకు పర్యాయపదమగుట ఆ గ్రామపు విద్యార్థికి, ఉద్యోగార్థికి ఎట్టి శిక్షయో మనము ఆలోచింపవలెను.

సంపన్నుల నేరము

దారిద్ర్య సిద్ధాంతమునకును హద్దు కలదు. దానిని గ్రహించుటకు మరల మామిడి వ్యాపారమువైపునకు రావలెను. వరిగడ్డిలో మాగవేసినచో దినములు పట్టు కాయను శీఘ్రముగా రంగు తేలించుటకు కొందరు వర్తకులు కాల్షియం కార్బైడు పొట్లములను గంపల నడుమ నుంచుదురు. తేమ సోకగనే అందుండి అసిటిలీను వాయువు వెలువడును. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లేశములుండును. ఆహార భద్రతా నియమములు 2011 నుండి దీనిని స్పష్టముగా నిషేధించుచున్నవి. నియమిత ప్రమాణమున ఎథిలీను వాయువునకు మాత్రమే అనుమతి కలదు. అయినను కార్బైడు వాడకము నశింపలేదు. దీనిని చేయువాడు ఆకలిగొన్నవాడు కాడు, పుట్టుకచేత ముద్రితుడు కాడు. మూలధనము, గోదాము కలవాడు.

1939లో ఎడ్విన్ సదర్లాండ్ గౌరవనీయుల వ్యాపార నేరములను ఎత్తిచూపి, నేరము సహవాసమువలన అభ్యసింపబడునని చెప్పెను; ప్రక్క గోదామువాడు చేయుచున్నాడను సమర్థన నేర్చినవాడు తప్పును వ్యాపారమర్యాదగా భావించును. కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనమను నాలుగవ అధికరణము సైతము శిల్పులనుండి, వర్తకులనుండి ప్రజలను రక్షించుటతోనే ప్రారంభమగుచున్నది. అంత ప్రాచీనమైన వివేకముండియు, కాయ కోసినవాని కులమును అడుగుచు, కాయను విషమొనర్చినవాని కులమును ఎన్నడును అడుగకుండుట వంశ సిద్ధాంతము యొక్క పక్షపాతమును బట్టబయలు చేయుచున్నది.

ఉపసంహారము

1970లలో కవి గుర్రము జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త లవణము స్టూవర్టుపురమునకు పోయి, ‘సంస్కార్’ అను సంస్థ ద్వారా అచ్చటివారి చదువునకు, జీవనమునకు, విశ్వాసమునకు పాటుపడిరి. తెగిన బంధములను తిరిగి కట్టుటయే వారి మార్గము; హిర్షీ సూత్రమును వారు సేవారూపమున ఆచరించిరనవచ్చును. 2024 అక్టోబరు 3న సర్వోన్నత న్యాయస్థానము కారాగార నియమావళులలోని కులవివక్షను కొట్టివేయుచు, నేరస్థ జాతుల చట్టపు రద్దుతో విముక్త జాతులని పిలువబడినవారిని నిష్కారణముగా నిర్బంధింపరాదని పోలీసువారిని ఆదేశించినది.

ఏ ఒక్క సిద్ధాంతమును నేరమును సంపూర్ణముగా వివరింపదు. అవకాశము, లేమి, బంధము, సహవాసము, ముద్ర అను ఐదును సందర్భోచితముగా కలిసి పనిచేయును. వంశమునకు మాత్రము ఈ పట్టికలో స్థానము లేదు. పరిశోధకులు, పోలీసు అధికారులు, పత్రికా రచయితలు ఇకనైన ‘వీడెవ్వరి బిడ్డ?’ అను ప్రశ్నను విడిచి, ‘ఇది ఏ పరిస్థితిలో జరిగినది?’ అను ప్రశ్నను ప్రథమముగా అడుగవలెనని నా విన్నపము.